తక్కువ తిరిగిన పాత ల్యాండ్ క్రూజర్‌ని ఆన్‌లైన్ వేలంలో అమ్మిన అనుభవం

పోయిన నెలాఖరుకి మా బాబాయ్ బండి వ్యవహారం పూర్తిగా తేలింది. 1978 నాటి టయోటా ల్యాండ్ క్రూజర్, ఎఫ్‌జే40. మీటర్ మీద 38 వేల కిలోమీటర్లు కూడా లేవు. అమ్మేద్దామని జనవరిలో అనుకున్నాం, డబ్బు బ్యాంకులో పడేసరికి జూన్ వచ్చింది. అందులో వేలం నడిచింది ఒక్క వారమే. మిగతా నెలలన్నీ దేనికి పట్టాయో, ఎక్కడ టెన్షన్ పడ్డామో అంతా గుర్తుండగానే రాస్తున్నాను. ఇంట్లో ఇలాంటి బండి పెట్టుకుని ఏం చేయాలా అని ఆలోచిస్తున్నవాళ్లకు పనికొస్తుంది.

బాబాయ్ దాన్ని కొత్తగా కొన్నారు. కొన్నేళ్లు కొండదారుల్లో ఇష్టంగా తిప్పారు. తర్వాత నడుం నొప్పి మొదలైంది. ఆ బండికి పవర్ స్టీరింగ్ లేదు, నాలుగు చక్రాలకీ కమాను కట్టలే, చిన్న గుంటలో పడినా ఒళ్లంతా అదిరేది. దాంతో ఇంకో కారు కొనుక్కుని దీన్ని షెడ్డులో పెట్టేశారు. అమ్మడానికి మాత్రం మనసొప్పలేదు. ఏటా ఇన్సూరెన్స్ కడుతూ, అప్పుడప్పుడూ స్టార్ట్ చేస్తూ అలాగే ఉంచారు. ఇప్పుడు షెడ్డు లేని ఇంటికి మారాల్సి వచ్చి నన్ను పిలిచారు. "ఒరేయ్, రెండు రూపాయలు తక్కువొచ్చినా ఫర్వాలేదు గానీ, దాన్ని కోసి, ఎత్తు పెంచి, లావు టైర్లు తగిలించుకునేవాడి చేతిలో మాత్రం పెట్టకు" అన్నారు. "అలాగే బాబాయ్" అన్నాను. వేలంలో కొనేవాణ్ని మనం ఎంచుకోలేమని అప్పటికే తెలుసు. ఆ బెంగ చివరిదాకా నన్ను వదల్లేదు.

ముందు పాత బండ్ల డీలర్లని అడిగి చూశాను. మీటర్ చూడగానే ఒకాయన, "ఐదంకెల మీటరండీ, ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరికి తెలుసు" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. 99,999 దాటితే ఆ మీటర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి 38 వేలు అని కనిపిస్తే అది 38 వేలు కావచ్చు, 1,38,000 కావచ్చు. ఆయన రెండోదే అనుకుని ధర చెప్పాడు. ఆ ధర, చివరికి వేలంలో వచ్చినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

అప్పుడే అర్థమైంది. తక్కువ తిరిగింది అనే మాటకు విలువ లేదు, దాని వెనక ఉన్న కాగితానికే విలువ. బాబాయ్ దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. అందులో కొన్ననాటి రసీదు, సర్వీసు పుస్తకం, ఇన్సూరెన్స్ కాగితాలు, బ్యాటరీ బిల్లులు, ఒక పంక్చర్ చీటీ కూడా ఉన్నాయి. రెండు ఆదివారాలు కూర్చుని వాటిలో మీటర్ రీడింగ్ రాసి ఉన్న ప్రతి కాగితాన్నీ పక్కకు తీశాను. తారీఖు, రీడింగ్, అది ఏ కాగితం అన్నది ఒక పట్టికలో రాసుకుంటూ పోతే 1986 దాకా వరస చక్కగా కుదిరింది. అక్కడినుంచి 1990ల చివరిదాకా ఒక్క కాగితం లేదు. మళ్లీ దొరికిన మొదటి బిల్లులో రీడింగ్, పాత దానికంటే కొన్ని వందలే ఎక్కువ. మాకు అది నమ్మకమే. బయటివాడికి మాత్రం ఆ ఖాళీ ఏళ్లలోనే లక్ష కిలోమీటర్లు తిరిగి ఉండొచ్చన్న అనుమానం వస్తుంది.

ఆ అనుమానాన్ని బండే తీర్చాలి. అందుకే అరుగుదల కనిపించే చోట్లన్నీ వెతికాం. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా వేలికి గట్టిగా తగులుతున్నాయి, బ్రేకు పెడల్ కుడి అంచు మాత్రం కాస్త నునుపెక్కింది. డ్రైవర్ తలుపు తెరిచి కిందనుంచి ఎత్తి చూస్తే కీళ్లలో కదలిక లేదు. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పి లోపలి వ్యాసం కొలిస్తే (అరిగేకొద్దీ అది పెరుగుతుంది) కొత్తదానికి చాలా దగ్గర్లో ఉంది. లక్షా ముప్పై ఎనిమిది వేలు తిరిగిన బండికి డ్రమ్ములు అలా ఉండవని మెకానిక్ రాసిచ్చాడు. అన్నిటికంటే నాకు నచ్చింది స్టెప్నీ టైరు. అది బండితోపాటు వచ్చినదే, నేలకి ఎప్పుడూ ఆనలేదు. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలే సన్నటి రబ్బరు వెంట్రుకలు అంచుల్లో ఇంకా నిలబడే ఉన్నాయి. వేలంలో ఎక్కువమంది పెద్దది చేసి చూసిన ఫొటోల్లో అదొకటి.

ఫిబ్రవరి అంతా మెకానిక్ దగ్గరే గడిచింది. ఆ ఏడాది బండికి పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ పక్క సీటు కిందే ఉంటుంది. మూత తీయగానే పెట్రోల్ వాసన బదులు పాత వార్నిష్ వాసన వచ్చింది. ట్యాంకు దించి కడిగించాం, కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయించాం. వెనక చక్రాల సిలిండర్లు కారుతున్నాయి, బ్రేకు గొట్టాలు పగుళ్లిచ్చాయి, రెండూ మార్చేశాం. ముందు ఇరుసు చివర గోళాల దగ్గర ఆయిలూ గ్రీజూ కలిసి జిగటగా బయటికొస్తోంది. ఈ మోడల్‌లో అది మామూలే, సీళ్లు వయసైపోతే కారతాయి. వాటినీ మార్పించాం. కింద ఉన్న టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి కానీ పక్కన అచ్చైన నాలుగంకెల కోడ్ చూస్తే పదిహేనేళ్ల నాటివని తేలింది. ఆ కోడ్‌లో మొదటి రెండంకెలు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. వాటితో రోడ్డెక్కడం ప్రమాదమని అసలు కొలతకే సరిపోయే సన్న టైర్లు కొన్నాం. ఖర్చులో పెద్ద ముక్క టైర్లదీ బ్రేకులదే.

ఇంజిన్ దాదాపు ముట్టుకోలేదు. 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల 2ఎఫ్ ఇంజిన్ అది, ఓపిక ఉన్న ఇంజిన్. ఆయిలూ ప్లగ్గులూ మార్చి కంప్రెషన్, అంటే సిలిండర్ల లోపలి ఒత్తిడి, చూస్తే ఆరు సిలిండర్లలోనూ రీడింగులు దగ్గరదగ్గరగా వచ్చాయి. గేజ్ ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసిపెట్టాను.

రంగు విషయంలో ఇంట్లో చిన్న గొడవే అయింది. వెనక చక్రం పైన రంగు మాసింది, ఎడమవైపు ఒక పొడుగు గీత ఉంది. పిన్ని, మా తమ్ముడు పెయింట్ వేయిద్దామన్నారు. నేను ససేమిరా అన్నాను. ఇలాంటి బండిలో కంపెనీ వేసిన రంగు అరిగి ఉన్నా సరే, కొత్త రంగు కంటే దానికే గిరాకీ. రంగు మందం కొలిచే మీటర్ అద్దెకు తెచ్చి ప్రతి రేకు మీదా పెట్టి చూపించాం. అన్నిచోట్లా సుమారు 90 నుంచి 140 మైక్రాన్ల లోపే ఉంది. పుట్టీ ఉంటే ఆ అంకె వందల్లోంచి వేలల్లోకి పోతుంది. ఛాసిస్‌కి కూడా నల్ల రంగు కొట్టించొద్దని మెకానిక్‌కి గట్టిగా చెప్పాను. అమ్మే ముందు కొట్టిన రంగు చూస్తే కొనేవాడికి ముందు తట్టేది, కింద తుప్పు దాచారని. మా ఛాసిస్ మీద పైపై తుప్పు ఉంది, ఉన్నట్టే చూపించాం.

ఇక కాగితాల దగ్గర అనుకోని ఆలస్యం. రిజిస్ట్రేషన్‌లో బాబాయ్ పేరు పొట్టిగా, గుర్తింపు కార్డులో పూర్తిగా ఉంది. అమ్మేటప్పుడు రెండూ కలవాలట. సరిచేయించడానికి మూడు వారాలు పట్టింది. ఈ లోపల ఛాసిస్ నంబరు చూసుకుందామంటే ముందు చక్రం దగ్గర ఫ్రేము మీద గ్రీజూ మట్టీ కలిసి గట్టిపడిపోయి ఉన్నాయి. వైర్ బ్రష్‌తో గీకితే అంకెల చుట్టూ గీతలు పడి ఎవరో నంబరు మార్చినట్టు కనిపిస్తుంది. కిరసనాయిల్ గుడ్డ పెట్టి నానబెట్టి మెల్లగా తుడిచాం. అంకెలు ఒక్కొక్కటే బయటపడుతుంటే బాబాయ్ రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకుని పైకి చదివారు. ఒక్క అంకె కూడా తేడా లేదు. ఇంజిన్ నంబరు కూడా కలిసింది. ఆ పూట నా గుండె మీది బరువు చాలా దిగింది.

మార్చి మధ్యలో వేలం సైటుకి దరఖాస్తు పెట్టాను. కొన్ని ఫొటోలు, బండి చరిత్ర, తెలిసిన లోపాలు అడుగుతారు. వారం లోపే ఒప్పుకున్నట్టు జవాబు వచ్చింది. బండి నా పేరు మీద లేదు కాబట్టి, నా తరఫున ఇతను అమ్మవచ్చు అని బాబాయ్ సంతకంతో ఉత్తరం అడిగారు. ఆ తర్వాత రిజర్వ్ ధర మీద బేరం. రిజర్వ్ అంటే, పాట అంతకు చేరకపోతే బండి ఇవ్వక్కర్లేదు. ఆ అంకె మాకూ సైటుకీ తప్ప ఎవరికీ తెలియదు. మేం అడిగినదానికంటే వాళ్లు పాతిక శాతం తక్కువ చెప్పారు, అసలు రిజర్వే లేకుండా పెడితే పాట జోరుగా నడుస్తుందని నచ్చజెప్పారు. వాళ్ల వాదన తప్పనలేను, ముందునుంచే జనం ఎగబడితే ధర పెరుగుతుంది. కానీ నిద్ర పట్టాలంటే నాకు రిజర్వ్ కావాలి. మధ్యలో ఒకచోట ఒప్పుకున్నాం. సైటు ఫీజు మాకు తక్కువే, లిస్టింగ్ కోసం ఒకసారి కట్టేది. పాట గెలిచినవాళ్లు మాత్రం ధర మీద 5 శాతం సైటుకి అదనంగా కట్టాలి. పాడేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకునే పాడతారు కాబట్టి, ఒక రకంగా అది మన ధరలోంచి పోయేదే.

ఫొటోలు నేనే తీశాను. ఎండలో తీస్తే రేకుల మీద మెరుపు లోపాల్ని మింగేస్తుంది, అందుకే మబ్బు పట్టిన ఉదయం కోసం ఆగాను. నూట యాభై దాటాయి. అందులో అందమైనవి ఇరవై ఉంటాయేమో, మిగిలినవన్నీ బండి కిందివి, తలుపుల అంచులు, చాపలు ఎత్తిన నేల, వెనక పక్కసీట్ల కింద మూలలు, వైర్లు. వీడియోల్లో ముఖ్యమైంది చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేది. ముందుగా బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని చూపించి, చోక్ లాగి స్టార్ట్ చేశాను. రెండో తిప్పుకే అందుకుంది. ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేసి, ఫోర్ వీల్ వేసి బురదలో నడిపిన వీడియో ఇంకొకటి. ఇన్నేళ్లు నిలబెట్టిన బండికి అది పడుతుందా లేదా అన్నది అందరికీ సందేహమే.

సైటువాళ్లు రాసిచ్చిన వివరంలో "మీటర్ 38 వేలు చూపిస్తోంది" అని ఉంది. "38 వేలే తిరిగింది" అని మార్చమన్నాను. ఖాళీ ఏళ్ల వల్ల కుదరదన్నారు. పట్టిక, డ్రమ్ముల కొలత, మెకానిక్ ఉత్తరం అన్నీ పంపితే, మాట మార్చలేదు గానీ, "అమ్మకందారు దగ్గరున్న ఆధారాలు ఇవి" అని అన్నీ పెట్టారు. నాకు అదే సబబనిపించింది. ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. ఆపైన వరసలో మన వంతు వచ్చేదాకా నెల పైనే ఎదురుచూపు.

మే చివరి వారంలో వేలం మొదలైంది. మొదటి రోజు సాయంత్రానికే పాట రిజర్వులో నలభై శాతానికి వెళ్లింది. ఇల్లంతా సంబరం. ఆ తర్వాత నాలుగు రోజులు దాదాపు కదల్లేదు. ఇది మామూలే అని ఎక్కడ చదివినా ఉంటుంది, అయినా కళ్లముందు అంకె అలా ఆగిపోతే ముద్ద దిగదు. కొనాలనుకునేవాళ్లు అప్పటిదాకా ఊరికే గమనిస్తూ, ప్రశ్నలడుగుతూ ఉంటారు. అసలు పని ఆ ప్రశ్నలదే. సైలెన్సర్ అసలుదేనా, ముందు అద్దం మీద కంపెనీ గుర్తు మిగతా అద్దాల్లా లేదేం, పైకప్పు చుట్టూ ఉండే వాననీళ్ల కాలువ అంచుల్లో తుప్పు దగ్గరగా చూపిస్తారా. సైలెన్సర్ మార్చినదే, బిల్లు పెట్టాను. అద్దం గురించి బాబాయ్‌ని అడిగితే, రాయి తగిలి పగిలిందని, ఏ ఏడో కూడా చెప్పారు. రేకు పెట్టెలో ఆ బిల్లూ దొరికింది.

మూడో రోజు ఒకరు సూటిగా రాశారు, ఇది లక్షా ముప్పై ఎనిమిది వేల బండి అని. చదవగానే ఒళ్లు మండింది. జవాబు మాత్రం రాత్రి కాకుండా పొద్దున రాశాను. పట్టిక, పెడళ్లు, డ్రమ్ముల కొలత ఒక్కచోట పెట్టి, 1986 తర్వాత కాగితాలు లేని మాట కూడా నేనే చెప్పాను. అక్కడినుంచి వాదన నేను చేయాల్సిన పని లేకపోయింది. ఈ మోడల్ బండ్లు ఏళ్లుగా విప్పి బిగించిన వాళ్లు ఇద్దరు వచ్చి, ఆ అరుగుదల తక్కువ తిరిగిన బండిదేనని వివరంగా రాశారు.

అదే వారంలో ఒకాయన విడిగా సందేశం పెట్టాడు, వేలం ఆపేసి తనకిస్తే ఎక్కువిస్తానని. నియమాలు ఒప్పుకోవు, నాకూ ఇష్టం లేదు, కుదరదన్నాను. సైటు పేరుతో, బ్యాంకు వివరాలు సరిచూడాలంటూ ఒక దొంగ మెయిల్ కూడా వచ్చింది. పంపినవాళ్ల చిరునామాలో ఒక్క అక్షరం తేడా. ఆ హడావిడిలో ఎవరైనా నొక్కేస్తారు, జాగ్రత్త. మరొకతను తన తరఫున మెకానిక్‌ని పంపి చూపించుకుంటానన్నాడు. అలాంటివాళ్లని కాదనకండి, డబ్బు ఖర్చుపెట్టి చూపించుకునేవాడు నిజంగా పాడతాడు. ఆ మెకానిక్ రెండు గంటలు బండి కిందే ఉన్నాడు. చివరికి రెండో స్థానంలో నిలిచింది అతణ్ని పంపినవాడే.

ఆఖరి రోజు బాబాయ్, పిన్ని, నేను ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నాం. గంట ముందు దాకా పాట రిజర్వుకి దిగువనే ఉంది. పావుగంట ఉందనగా కదిలింది. చివరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది, కాబట్టి ఆఖరి సెకనులో లాగేసుకోవడం కుదరదు. రిజర్వ్ దాటినట్టు స్క్రీన్ మీద పడగానే పిన్ని నా భుజం గట్టిగా పట్టుకుంది. అక్కడినుంచి ఇద్దరే మిగిలారు. ఒకరు వెంటనే పాడేవారు, రెండోవాళ్లు ప్రతిసారీ గడియారం పది సెకన్లలోకి వచ్చేదాకా ఆగేవారు. అలా అరగంట దాకా సాగింది. బాబాయ్ మధ్యలో లేచి మంచినీళ్లు తెచ్చుకుని, "ఇంక చాల్లేరా, ఎవరో ఒకరికి ఇచ్చేయ్" అన్నారు. చివరికి రిజర్వ్ మీద ఇరవై రెండు శాతం ఎక్కువకు ఆగింది.

గంటలోపే కొన్నతను ఫోన్ చేశాడు. మొదటి ప్రశ్న, "సర్, ఆ రేకు పెట్టె కూడా బండితో ఇస్తారా?" బాబాయ్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఎత్తు పెంచుతారా అని అడిగేశారు. లేదండీ, సీటు బెల్టులు మార్చి మా నాన్నని తిప్పుతాను అన్నాడట. ఆ తర్వాత ఇద్దరూ చోక్ ఎంత లాగాలి, చలికాలంలో ఎంతసేపు వేడెక్కనివ్వాలి అని నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. పెట్టె ఇచ్చేశాం, కాగితాలన్నీ స్కాన్ చేసి ఉంచుకున్నాం.

డబ్బు విషయంలో ఇద్దరికీ భయమే. అతను ఎప్పుడూ చూడని మనిషికి అంత మొత్తం పంపాలి, మేం ఆ మొత్తం రాకుండా కాగితం ఇవ్వకూడదు. వీడియో కాల్‌లో బండి, కాగితాలు, బాబాయ్ గుర్తింపు కార్డు చూపించాం. ఖాతా నంబరు ఫోన్లో అంకె అంకె చదివి సరిచూసుకున్నాడు. పంపినట్టు స్క్రీన్‌షాట్ వచ్చాక కూడా, బ్యాంకుకి ఫోన్ చేసి డబ్బు ఖాతాలో పడిందని, వెనక్కి పోయేది కాదని చెప్పించుకున్నాకే సంతకాలు చేశాం. దానికి ఐదు పనిదినాలు పట్టింది.

రవాణా ఖర్చు కొన్నవాళ్లదే. మూసిన లారీ కోరుకున్నాడు, తెరిచిన దానికంటే దాదాపు రెట్టింపు. లారీ దొరకడానికి రెండు వారాలు పట్టింది, అన్నాళ్లూ బండి మా షెడ్డులోనే కాబట్టి ఇన్సూరెన్స్ ఆపలేదు. ఎక్కించే ముందు డ్రైవర్, నేను కలిసి చుట్టూ ఫొటోలు తీసి, ఉన్న గీతలన్నీ అతని కాగితంలో రాయించి సంతకం పెట్టించాను. మాసిన రంగు, ఎడమవైపు గీత రాయకపోతే, దారిలో పడ్డాయని అటువైపు దిగాక పేచీ వచ్చేది.

మా ఖర్చంతా కలిపితే అమ్మిన ధరలో ఐదు శాతం లోపే, అందులో మూడొంతులు మెకానిక్‌కీ టైర్లకీ. బండి వెళ్లిన మర్నాడే అమ్మినట్టు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తెలియజేసి రసీదు తీసుకున్నాం. పేరు మారిందని కొన్నతను కాగితం పంపాకే బాబాయ్ ఇన్సూరెన్స్ రద్దు చేయించారు. మిగిలిన నెలల ప్రీమియం కొంత వెనక్కి వచ్చింది.